వెంట్రుకలు లెక్కపెట్టిన రెండేళ్లు

2022 అక్టోబరులో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మా అమ్మ పెట్టె అడుగు నుంచి తన పాత సవరం తీసి నా ముందు పెట్టింది. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. సిరిమాను తిరిగే వేళకు మూడు లాంతర్ల వైపు చేరుకోవాలని ఇంటిల్లిపాదీ హడావిడిగా తయారవుతున్నారు. నేను మాత్రం అద్దం ముందే ఉండిపోయాను. కనకాంబరాల దండ జడలో నిలవడం లేదు. పిన్నులు గుచ్చిన ప్రతిసారీ దండతో పాటు నాలుగు వెంట్రుకలు ఊడి చేతికి వస్తున్నాయి. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. సవరం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నేను సిరిమాను చూడటానికి వెళ్లలేదు.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. విజయనగరానికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఏ సంగతైనా లెక్క తేలితే గానీ నాకు నిద్ర పట్టదు. మర్నాటి నుంచి తెల్ల దుప్పటి పరిచి, దాని మీద కూర్చుని దువ్వుకుని, రాలినవన్నీ ఏరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. స్నానాల గదిలో జాలీ మీద చేరినవి కూడా కలిపాను. మొదటి రోజు 238. వారం సగటు 240 దాటింది. ఆ అంకెలన్నీ ఒక పాత రికార్డు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం లేకపోతే ఈ అనుభవం ఇంత వివరంగా రాయగలిగేదాన్ని కాదు.

ఇంట్లో వైద్యాలు చాలానే జరిగాయి. గుంటగలగరాకు నూనె, మందారాకు ముద్ద, నానబెట్టి రుబ్బిన మెంతులు, చివరికి ఉల్లిపాయ రసం. నూనె పెడితే వెంట్రుక మెత్తబడి చిక్కు తగ్గుతుంది, మధ్యలో తెగిపోవడం తగ్గుతుంది. కుదురు నుంచి ఊడటం మాత్రం ఆగదు. ఉల్లిపాయ రసాన్ని కొద్దిమంది రోగుల మీద పరీక్షించి చూశారు గానీ అది పేనుకొరుకుడుకు. తల మీద నాణెమంత మచ్చగా జుట్టు పోయే జబ్బు అది. నాకు వచ్చింది అది కాదు. పదిహేను రోజులు తల మండటం తప్ప నా పుస్తకంలో అంకె మారలేదు.

మా అత్తగారు సింహాచలం వెళ్లి తలనీలాలు ఇచ్చి రమ్మన్నారు, గుండు చేయిస్తే కొత్త జుట్టు ఒత్తుగా వస్తుందని. ఆవిడ మనసు నొప్పించలేక, వచ్చే వేసవిలో చూద్దాం అన్నాను. మంగలి కత్తి తీసేది చర్మం పైనున్న కాడను మాత్రమే. కుదురు లోపల ఉంటుంది, దానికి ఆ సంగతే తెలియదు. కొత్తగా వచ్చిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేత్తో తడిమితే ఒత్తుగా అనిపిస్తుంది. మొక్కును మొక్కుగానే చెల్లించాలి గానీ మందుగా వాడుకోకూడదని నా నమ్మకం.

నవంబరు మొదటి వారంలో విశాఖపట్నంలో ఒక జుట్టు క్లినిక్‌కు వెళ్లాను. ఫోనులో చాలారోజులుగా దాని ప్రకటన కనిపిస్తూ వచ్చింది. మావారు సెలవు పెట్టి తోడు వచ్చారు. చల్లటి గది, గోడ నిండా ముందు, తర్వాత అని ఫోటోలు. డాక్టరు గారు కనిపించలేదు. చక్కగా మాట్లాడే ఒక అమ్మాయి నా నడినెత్తిని కెమెరాతో తీసి, తెరమీద పెద్దది చేసి చూపించింది. చర్మం అంత తెల్లగా కనబడటం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే ఆ అమ్మాయి కంప్యూటర్‌లో నా ఫోటోకు ఒత్తయిన జుట్టు తగిలించి చూపించింది. జుట్టు మార్పిడి చేయాలని, అంటే తల వెనక నుంచి కుదుళ్లు తీసి పలచబడిన చోట నాటాలని, అందుకు 2,200 గ్రాఫ్టులు (నాటే కుదుళ్ల గుత్తులు) పడతాయని, ఒక్కోటి 45 రూపాయలని చెప్పింది. 99,000. ఈ రోజే పదివేలు అడ్వాన్సు కడితే రెండుసార్లు పీఆర్పీ, అంటే మన రక్తంతోనే తలకు ఇచ్చే సూదులు, ఉచితమట.

మావారు అప్పటికే జేబులోంచి ఫోను తీశారు. నా ఏడుపు చూడలేక, డబ్బు కట్టేస్తే అయిపోతుందనుకున్నారు. "ఆపరేషన్ ఎవరు చేస్తారమ్మా?" అని అడిగాను. "మా టీమ్ చేస్తుంది మేడమ్" అంది. డాక్టరు పేరు అడిగితే, ఆ రోజు ఎవరు ఉంటే వారు అంది. ఆ ఒక్క మాటకు నేను కుర్చీలోంచి లేచాను. అంతకు ముందే, ఆ ఏడాది సెప్టెంబరులో, జాతీయ వైద్య కమిషన్ జుట్టు మార్పిడి గురించి సూచనలు ఇచ్చిందని నాకు తర్వాత తెలిసింది. శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్న, నమోదైన వైద్యులే చేయాలని, యూట్యూబ్‌లో చూసి నేర్చుకోవడం శిక్షణ కాదని కమిషనే రాయాల్సి వచ్చింది. ఇంత మాట రాసే అవసరం వచ్చిందంటే బయట ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు.

వచ్చే దారిలో బస్సులో మావారు, నేను మాట్లాడుకోలేదు. ఆనందపురం దాటాక ఆయన, "మన ఊళ్లో పెద్దాసుపత్రి చర్మం డాక్టరుకు ఒకసారి చూపిద్దాం" అన్నారు. 

ఆ సోమవారం చీటీ రాయించుకుని వరుసలో రెండు గంటలు నిలబడ్డాను. లోపల నడివయసు డాక్టరమ్మ. కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మూడు నాలుగు నెలల కింద పెద్ద జ్వరం ఏమైనా వచ్చిందా అమ్మా?"

వచ్చింది. జులైలో టైఫాయిడ్. పన్నెండు రోజులు మంచం మీద ఉన్నాను. క్లినిక్‌లో ఆ గంటసేపట్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. దాదాపు లక్ష రూపాయల కోత నిర్ణయించేశారు గానీ జ్వరం వచ్చిందా అని అడగలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆవిడ నా తలలో వేర్వేరు చోట్ల యాభై అరవై వెంట్రుకల చొప్పున వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగి చూశారు. ప్రతిచోటా పదికి తక్కువ కాకుండా ఊడాయి. ఐదారు దాటితే ఎక్కువేనట. ఊడిన వాటి కొసన చిన్న తెల్లటి బొడిపె ఉంది. అది విశ్రాంతి దశ ముగించుకుని రాలిన వెంట్రుకకు గుర్తు. తర్వాత భూతద్దం లాంటి పరికరంతో పాపిట దగ్గర చూసి, లావు వెంట్రుకల మధ్య సన్నవి కలిసి ఉన్నాయని చెప్పారు. ఇది వేరే కథ, జ్వరంతో వచ్చింది కాదు, ఆడవాళ్లలో నడినెత్తిన మెల్లగా పలచబడే రకం, కొన్నేళ్లుగా జరుగుతూ ఉండి ఉంటుంది అన్నారు. మా అమ్మకు పాపిట వెడల్పు, అమ్మమ్మకూ అంతే. సవరం ఎందుకు పెట్టెలో ఉందో అప్పుడు అర్థమైంది.

ఒకే తల మీద రెండు జబ్బులు. ఒకటి తనంతట తానే తగ్గేది, ఇంకోటి ఊరుకుంటే పెరిగేది. ఈ రెంటినీ విడదీయకపోతే ఏ వైద్యం పనిచేసిందో, ఏది చేయలేదో ఎప్పటికీ తెలియదు.

లెక్క నాకు చాలా నచ్చింది కాబట్టి ఇక్కడ రాస్తాను. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు. ఒక్కోటి రెండు నుంచి ఆరేళ్ల దాకా పెరిగి, రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపి, మూడు నెలల పాటు విశ్రాంతిగా ఉండి రాలుతుంది. మామూలుగా పదో వంతు విశ్రాంతిలో ఉంటాయి, అంటే పదివేలు. వంద రోజుల్లో పదివేలు రాలాలంటే రోజుకు వంద. అందుకే వంద దాకా రాలినా భయం లేదంటారు. పెద్ద జ్వరమో, ప్రసవమో, శస్త్రచికిత్సో, తిండి బాగా తగ్గించడమో జరిగితే పెరుగుతున్న వాటిలో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. అవి రాలేది వెంటనే కాదు, రెండు మూడు నెలల తర్వాత. అప్పటికి జ్వరం సంగతి మరిచిపోయి, కొత్త షాంపూనో బోరు నీళ్లనో తిడుతూ ఉంటాం. జులై జ్వరానికి సెప్టెంబరు చివర జుట్టు రాలడం అచ్చంగా ఆ లెక్కే.

రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ పరీక్ష అనగానే, ఏమైనా మాత్రలు వాడుతున్నారా అని అడిగారు. మందుల షాపులో ఇచ్చిన బయోటిన్ అనే విటమిన్ మాత్రలు రెండు నెలలుగా మింగుతున్నాను. అవి కొన్ని రోజులు ఆపి అప్పుడు రక్తం ఇవ్వమన్నారు. ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ ఫలితాలను తప్పుగా చూపిస్తుందట. జుట్టు కోసం వేసుకునే మాత్ర వల్ల జుట్టు ఎందుకు ఊడుతోందో కనిపెట్టే పరీక్షే తప్పు రావచ్చన్న సంగతి మందుల షాపులో ఎవరూ చెప్పరు. థైరాయిడ్ సరిగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.8. శరీరంలో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ 11. రెండూ తక్కువే.

"ముందు ఇనుము. మిగతావన్నీ తర్వాత" అన్నారు డాక్టరమ్మ. మాత్ర ఖాళీ కడుపున నిమ్మరసంతో వేసుకోవాలి, దానికి ముందూ వెనకా రెండు గంటల పాటు టీ తాగకూడదు. ఉదయం టీ మానడం నాకు జుట్టు ఊడటం కన్నా కష్టమనిపించింది. మానాను. జనవరికి రోజూ రాలేవి 110కి దిగాయి. నుదుటి అంచున గడ్డి మొలకల్లాంటి పొట్టి వెంట్రుకలు వచ్చాయి. అప్పటికి నేను కట్టిన మొత్తం డబ్బు పరీక్షలకు, మాత్రలకే. ఆ క్లినిక్‌లో అడ్వాన్సు కట్టి ఉంటే, నాటిన జుట్టే పెరిగిందని నమ్మి ఉండేదాన్ని.

పాపిట మాత్రం తిరిగి సన్నబడలేదు. ఫిబ్రవరి 2023లో ఆవిడ మినాక్సిడిల్ రాశారు. ఇది మొదట రక్తపోటుకు వేసుకునే మాత్ర. వాడినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి దాన్ని తలకు రాసే ద్రవంగా మార్చారు. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 1988లో మగవాళ్లకు, 1991లో ఆడవాళ్లకు అనుమతించింది. అది వెంట్రుక పెరిగే దశను పొడిగిస్తుంది, సన్నబడిన వాటిని కొంత లావు చేస్తుంది. గర్భంతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు వాడకూడదు.

వాడే పద్ధతి సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది గానీ అసలు పని అందులోనే ఉంది. పాపిట పక్కకు తీసుకుంటూ వరుస వరుసకు చర్మం మీద పడేలా ఒక మిల్లీలీటరు వేయాలి. వెంట్రుకలకు పట్టిస్తే వృథా. తర్వాత కనీసం నాలుగు గంటలు తల తడపకూడదు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, లేకపోతే చెంపల మీద నూగు వస్తుంది. నేను రాత్రి భోజనానికి ముందే రాసుకునేదాన్ని, పడుకునే వేళకు ఆరిపోయి దిండుకు అంటకుండా. ఇంకో మాట, ఇది పిల్లులకు ప్రాణాంతకం. మా పెరట్లోకి వచ్చే పిల్లి ఒకటి నా ఒళ్లో కూర్చునేది. ఆ సీసా కొన్నప్పటి నుంచి దాన్ని తల దగ్గరకు రానివ్వలేదు.

మూడో వారంలో జుట్టు మళ్లీ ఊడింది. రోజుకు 190. డాక్టరమ్మ ముందే చెప్పారు కాబట్టి మానలేదు. మందు కొత్త వెంట్రుకను తోస్తుంటే పాతది ముందుగా రాలుతుంది. ఆ మాట ఎవరూ చెప్పకపోతే నెల తిరక్కుండానే సీసా పారేసి, "ఇది జుట్టు ఊడగొట్టే మందు" అని నలుగురికీ చెప్పి ఉండేదాన్ని. మా స్టాఫ్ రూములో ఇద్దరు టీచర్లు అలాగే మానేశారు. జూన్ కల్లా నా లెక్క 70 దగ్గర నిలిచింది. ప్రతి నెల మొదటి ఆదివారం ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో మావారు ఫోటో తీసేవారు. అక్టోబరు ఫోటో పక్కన ఫిబ్రవరి ఫోటో పెట్టి చూస్తే పాపిట సన్నబడిందని స్పష్టంగా తెలిసింది. పూర్తిగా మునుపటిలా కాలేదు. మందు మానేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చినదంతా పోతుంది. అప్పటి ధరల్లో నెలకు మూడు నాలుగు వందల రూపాయలు, అదీ జీవితాంతం. ఈ సంగతి తెలిసే మొదలుపెట్టాను.

మా తమ్ముడి సంగతి వేరు. వాడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తాడు. ముప్పై ఏళ్లకే నుదురు రెండు పక్కలా వెనక్కి వెళ్లి, నడినెత్తిన గుండ్రంగా పోయింది. నాన్నదీ అదే తల. మగవాళ్లలో ఇది టెస్టోస్టెరాన్ నుంచి పుట్టే డీహెచ్‌టీ అనే హార్మోను పని. వంశంలో ఆ గుణం ఉన్నవారికి ముందుభాగం, నడినెత్తి కుదుళ్లు దానికి లొంగి ఏటికేడు చిన్నబడతాయి. వెనుక భాగపు కుదుళ్లు లొంగవు. అందుకే ఎంత బట్టతల అయినా చెవుల వెనక, మెడ పైన జుట్టు మిగులుతుంది.

జుట్టు మార్పిడి అంతా ఆ మిగిలిన జుట్టు మీదే నడుస్తుంది. న్యూయార్క్‌లో నార్మన్ ఒరెంట్రైక్ అనే వైద్యుడు 1950ల్లో చూపించింది ఇదే: వెనక నుంచి తీసి ముందు నాటినా ఆ కుదురు తన పాత గుణమే నిలుపుకుంటుంది. మన ఊరి మాటల్లో చెప్పాలంటే ఇది నాట్లు వేయడం. నారుమడిలోంచి నారు పీకి పొలంలో నాటుతాం. అయితే వరి నారు మళ్లీ పోసుకోవచ్చు, తల వెనక నారుమడి ఒక్కసారి పీకితే అక్కడ మళ్లీ మొలవదు. ఉన్న నారెంతో, పొలం ఎంతో, రాబోయే ఏళ్లలో ఇంకెంత పొలం బీడు పడుతుందో లెక్కవేయకుండా నాటితే మధ్యలో నారు అయిపోతుంది. నాకు మార్పిడి ఎందుకు కుదరదో కూడా డాక్టరమ్మ ఈ లెక్కతోనే చెప్పారు. ఆడవాళ్లలో చాలామందికి వెనక భాగం కూడా కొంత పలచబడే ఉంటుంది. నారే బలహీనమైతే నాటి ఏం లాభం? ఆ క్లినిక్ అమ్మాయి నా వెనక తల వైపు కెమెరా తిప్పనే లేదు.

తమ్ముడు అప్పటికే వేరేచోట మూడుసార్లు పీఆర్పీ చేయించుకున్నాడు. రక్తం తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని తలలో సూదులతో ఎక్కిస్తారు. ఎంత వేగంతో తిప్పాలి, ఎన్నిసార్లు చేయాలి అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వాడికి తేడా ఏమీ కనబడలేదు.

వాణ్ని ఒప్పించడం కష్టమైంది మాత్ర దగ్గర. ఫినాస్టరైడ్ ఒక మిల్లీగ్రాము, 1997 నుంచి జుట్టుకు అనుమతి ఉన్న మందు. డీహెచ్‌టీ తయారీని తగ్గిస్తుంది. కొద్దిమందిలో లైంగిక కోరిక తగ్గడం, మనసు కుంగడం లాంటి ఇబ్బందులు వస్తాయని మందు కాగితం మీదే ఉంటుంది. వాడికి ఆ భయం. పైగా అప్పుడు మా మరదలు గర్భవతి. విరిగిన ఆ మాత్రను గర్భిణులు ముట్టకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే అవయవాల ఎదుగుదలకు ప్రమాదం. నేనే వాడి ఇంటికి వెళ్లి సీసాను అలమారు పై అరలో పెట్టి వచ్చాను. డాక్టరు గారితో దాపరికం లేకుండా మాట్లాడాక మొదలుపెట్టాడు. ఆర్నెల్లు గడిచినా ఇబ్బంది రాలేదు, రాలడం ఆగింది. పోయిన చోట మాత్రం రాలేదు. 2024 జనవరిలో మార్పిడికి సిద్ధమయ్యాడు.

ఈసారి డాక్టరు పేరు ముందే తెలుసు. చర్మవైద్యుడు, రంధ్రాలు తానే చేస్తానని, ఎన్ని గంటలైనా గదిలోనే ఉంటానని చెప్పారు. రెండు పద్ధతులూ వివరించారు. మొదటిదాంట్లో వెనక నుంచి చర్మాన్ని సన్నని పట్టీగా కోసి, భూతద్దం కింద కుదుళ్లు విడదీసి, కోసినచోట కుట్లు వేస్తారు. గీతలాంటి మచ్చ మిగులుతుంది. రెండోదాంట్లో మిల్లీమీటరు కన్నా చిన్న గొట్టపు కత్తితో కుదుళ్లను ఒక్కొక్కటిగా తీస్తారు. గీత ఉండదు గానీ చుక్కలు ఉంటాయి, జుట్టు మరీ పొట్టిగా కత్తిరిస్తే కనబడతాయి. కాబట్టి రెండోది మచ్చ లేనిది అనడం నిజం కాదు. తమ్ముడు రెండోదే ఎంచుకున్నాడు.

ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి వాడి తల గొరిగారు. మత్తుసూదులే అన్నిటికన్నా నొప్పి అన్నాడు. వెనక భాగం పని అయ్యేసరికి మధ్యాహ్నం. కుదుళ్లను చల్లటి ద్రవంలో పెట్టి, ఒంటివి, జంటవి, మూడు కలిసినవి అని వేరు చేశారు. నుదుటి అంచున ఒంటివే నాటాలి, లేకపోతే బొమ్మ జుట్టులా ఉంటుంది. మధ్యలో వాడు పెరుగన్నం తిన్నాడు. సాయంత్రం అయిదున్నరకు లెక్క చెప్పారు, 1,950.

ఆ పది రోజులూ నేను వాడి దగ్గరే ఉన్నాను. మరదలు పుట్టింట్లో ఉంది. మొదటి రాత్రుళ్లు మూడు దిండ్లు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాను. నిద్రలో తల పక్కకు వాలితే లేచి సరిచేసేదాన్ని. గంటకోసారి ఉప్పునీళ్లు చల్లాలి. నాలుగో రోజుకు వాపు నుదుటి మీద నుంచి దిగి కళ్లు మూసుకుపోయాయి. ముందే చెప్పినా, వాణ్ని అలా చూసి నాకు చేతులు వణికాయి. మరో రెండు రోజులకు తగ్గింది. తల కడగడం నా పని. ధార పడకూడదు. నురుగును దూదిలా అద్ది, చెంబుతో అంచు నుంచి మెల్లగా నీళ్లు వదలాలి. వాడికి మూడేళ్లప్పుడు వీధి అరుగు మీద కూర్చోబెట్టి నేనే తలంటేదాన్ని. అప్పుడు కళ్లలో కుంకుడు పడిందని ఏడ్చేవాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని, "అక్కా, ఒక్కటి కూడా ఊడలేదు కదా?" అని అడుగుతూనే ఉన్నాడు. పదో రోజుకు పక్కులన్నీ రాలిపోయాయి.

మూడు వారాలయ్యాక ఒక రాత్రి పదకొండింటికి ఫోను. నాటినవన్నీ రాలిపోతున్నాయి, డబ్బంతా పోయింది అని గొంతు పూడుకుపోయి చెప్పాడు. రాలేది కాడ, కుదురు లోపలే ఉంటుంది. నారు నాటాక ఆకులు పసుపురంగుకు తిరిగి వాడినట్టు అవుతుంది, తర్వాత ఊపిరి పోసుకుంటుంది కదా అని నచ్చజెప్పాను. నాలుగో నెలలో మొలకలు కనిపించాయి. ఆరో నెలకు సగం. ఏడాదికి ముందుభాగం నిండింది. నడినెత్తిని డాక్టరు గారు కావాలనే ముట్టలేదు. నారు దాచి ఉంచారు. మాత్ర మానకూడదని గట్టిగా చెప్పారు. ఎందుకంటే నాటినది నిలుస్తుంది గానీ దాని వెనకున్న పుట్టుజుట్టు రాలిపోతూనే ఉంటే ముందు ఒక పట్టీ, వెనక ఖాళీ మిగులుతుంది. కోత పెట్టించుకుంటే మందుల బెడద తప్పుతుందనుకునే వాళ్లు ఈ ఒక్క సంగతి అడిగి తెలుసుకోవాలి.

ఇక లేజరు. 2023 నవంబరులో మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి, జుట్టు పెరగడానికి తలకు పెట్టుకునే తన లేజరు టోపీ పంపింది, తను వాడటం మానేశానని. ఈ కథ 1967లో హంగరీలో మొదలైంది. ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు లేజరు కిరణం వల్ల క్యాన్సర్ వస్తుందేమోనని, వెంట్రుకలు గొరిగిన ఎలుకల మీద పరీక్షించాడు. క్యాన్సర్ రాలేదు, గొరిగిన చోట వెంట్రుకలు మాత్రం త్వరగా పెరిగాయి. దువ్వెన రూపంలో వచ్చిన హెయిర్‌మ్యాక్స్ పరికరాన్ని ఎఫ్‌డీఏ 2007లో మగవాళ్లకు, 2011లో ఆడవాళ్లకు అమ్ముకోవచ్చని తేల్చింది. పెట్టె మీద ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అయితే మందుకు ఇచ్చే అనుమతి వేరు, ఇలాంటి పరికరానికి ఇచ్చేది వేరు. ఇప్పటికే బజారులో ఉన్న పరికరాలతో పోల్చదగినది అన్నదే దీనికి ముఖ్యమైన కొలత. పరీక్షల్లో వెంట్రుకల సంఖ్య కొంత పెరిగినట్టే కనిపించింది గానీ వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది తయారీదారులే.

అందుకే నేను ఎనిమిది నెలల మినాక్సిడిల్ తర్వాత, అంకె నిలకడగా ఉన్నప్పుడే లేజరు మొదలుపెట్టాను. వారానికి మూడుసార్లు, ఇరవై అయిదు నిమిషాలు. జుట్టే వెలుతురుకు అడ్డం పడుతుంది కాబట్టి పాపిటలు తీసుకుని పెట్టుకునేదాన్ని. నొప్పి లేదు, వేడి లేదు. ఆ కాసేపట్లో పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. ఆరు నెలల తర్వాత రోజూ రాలేవి 66 నుంచి 61. ఫోటోల్లో నాకు తేడా కనబడలేదు, మావారు కొంచెం ఉందంటారు. అయిదు వెంట్రుకల తేడాను ఫలితం అనడానికి నా లెక్కల చదువు ఒప్పుకోలేదు. మందు పడనివాళ్లకు, గర్భం కోసం మందు ఆపినవాళ్లకు అది పనికిరావచ్చు. నేను మాత్రం టోపీని శుభ్రంగా తుడిచి తిరిగి పంపేశాను. ఆ ధరకు ఎన్ని సంవత్సరాల మినాక్సిడిల్ వస్తుందో లెక్కవేసి ఆడపడుచుకు చెప్పాను కూడా.

2024 డిసెంబరులో పదో తరగతి అమ్మాయి ఒకతె బడికి తలకు చున్నీ చుట్టుకుని రావడం మొదలుపెట్టింది. చలికి అనుకున్నాను. ఒకరోజు బల్ల మీద వెంట్రుకల పోగు కనబడింది. విరామంలో పిలిచి, సెప్టెంబరులో జ్వరం వచ్చిందా అమ్మా అని అడిగాను. డెంగీ, వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాను టీచర్ అంది. వాళ్లమ్మ కూలి పనికి వెళ్తుంది. అప్పటికే ఎవరో చెప్పారని ఆరువందలు పెట్టి నూనె సీసా కొంది, రెండోది కొనడానికి అప్పు అడుగుతోంది. ఇద్దర్నీ శనివారం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అదే గది, అదే డాక్టరమ్మ. పిల్ల హిమోగ్లోబిన్ 7.9. జుట్టుకు మందేమీ రాయలేదు, ఇనుము మాత్రలే. నా రికార్డు పుస్తకంలో మిగిలిన ఖాళీ పేజీలు ఆ పిల్లకు ఇచ్చి, తెల్ల దుప్పటి మీద ఎలా లెక్కపెట్టాలో చూపించాను. రోజూ వద్దు, వారానికి ఒక్కసారి చాలన్నాను, చదువు పాడవుతుందని. మార్చిలో హాల్ టికెట్లు ఇచ్చే రోజున ఆ పిల్ల చున్నీ లేకుండా వచ్చింది. నుదుటి మీద నిక్కబొడుచుకున్న కొత్త వెంట్రుకలను చేత్తో అణుచుకుంటూ, "ఎనభై రెండు, టీచర్" అని చెప్పి హాల్ టికెట్ తీసుకుంది.